బ్రేకు వేస్తే ఇండికేటరు ఎందుకు వెలిగింది?

మీ ఇంట్లో మోటారు సైకిలు ఉంటే ఒకసారి దాని వైర్లను పరిశీలించండి. టార్చిలైటులో బల్బుకు కరెంటు వచ్చే దారి ఒకటి, తిరిగి పోయే దారి ఒకటి ఉంటాయి కదా! మోటారు సైకిలులో తిరుగుదారి చాలావరకు బండి ఇనుప చట్రమే. అందుకే బ్యాటరీ ఋణ ధ్రువాన్ని చట్రానికి బోల్టుతో బిగిస్తారు. మెకానిక్కులు దీన్ని 'ఎర్త్' అంటారు. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి భూమితో సంబంధమేమిటని అడక్కండి, అది పేరు మాత్రమే.

మా పదో తరగతి అబ్బాయి ఒకడు వానాకాలంలో నా దగ్గరికి వచ్చాడు. "సార్, మా బాపు బ్రేకు వేస్తే ఎర్ర లైటు సరిగ్గ వెలుగుతలేదు. పక్కనున్న ఇండికేటర్లు మాత్రం సన్నగ వెలుగుతున్నయి" అన్నాడు. వాళ్ల నాన్న తెల్లవారకముందే కూరగాయల మూటతో వరంగల్ మార్కెట్టుకు వచ్చే మనిషి. చీకట్లో వెనక వచ్చే లారీకి బ్రేకు దీపం కనపడకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఒక దుకాణంలో వైరింగు అంతా మార్చాలన్నారట.

బండిని మా ఇంటికి తెమ్మన్నాను. బ్యాటరీ దగ్గర మల్టీమీటరు 12.4 వోల్టులు చూపింది, బాగానే ఉంది. మీటరు కడ్డీ ఒకటి బ్యాటరీ ఋణ ధ్రువానికీ, రెండోది వెనక దీపం ఎర్త్ వైరుకూ ఆనించాను. బ్రేకు నొక్కకపోతే సున్నా. నొక్కగానే 8 వోల్టులు దాటింది!

ఎర్త్ సరిగ్గా ఉంటే అక్కడ దాదాపు సున్నాయే ఉండాలి. వెనక మడ్‌గార్డు ప్లాస్టిక్‌ది కనుక బ్రేకు బల్బుకూ, వెనక ఇండికేటర్లకూ కలిపి ఒకే ఎర్త్ వైరు చట్రానికి వెళుతుంది. ఆ బోల్టు కింద తుప్పు పట్టి దారి మూసుకుపోయింది. బ్రేకు బల్బు దాటి వచ్చిన కరెంటు ఏం చేస్తుంది? వెనక ఇండికేటరు బల్బులోకి ఎదురుగా దూరి, దాని వైరు వెంట ముందు ఇండికేటరుకు చేరి, అక్కడి ఎర్త్ ద్వారా చట్రంలోకి దిగింది. మూడు బల్బులూ శ్రేణిలో పడ్డాయి. 12 వోల్టులను పంచుకోవలసి వచ్చేసరికి ఒక్కటీ పూర్తిగా వెలగలేదు. ఓమ్ నియమం మీ పుస్తకంలోనే ఉంది, లెక్క వేసి చూడండి. బ్రేకు బల్బు 21 వాట్లు, ఇండికేటర్లు 10 వాట్ల చొప్పున.

బ్రేకు నొక్కనప్పుడు సున్నా ఎందుకు వచ్చిందో గమనించారా? ప్రవాహం లేనిదే నిరోధం వద్ద వోల్టేజి పడిపోదు. కుళాయి కట్టేసి ఉంటే గొట్టంలో చెత్త ఉన్న సంగతి తెలియదు కదా! కాబట్టి ఎర్త్‌ను ఎప్పుడూ దీపం వేసి పరీక్షించాలి.

పని మొదలుపెట్టే ముందు తాళంచెవి తీసి, ముందుగా ఋణ వైరు విప్పాం. ధన వైరు ముందు విప్పితే పానా పొరపాటున చట్రానికి తగిలిందా, బ్యాటరీ నుంచి వందకు పైగా ఆంపియర్లు దానిగుండా దూకుతాయి. పానా ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కనుక నిప్పురవ్వ పడితే పేలనూవచ్చు. బిగించేటప్పుడు ఋణ వైరు ఆఖరున.

ఫ్యూజు తీసి చూస్తే నాకు నిజంగా భయం వేసింది. ఎవరో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టారు! ఫ్యూజు పని కరిగిపోవడమే. అది కరగకపోతే ఎక్కడైనా షార్టు అయినప్పుడు వైర్ల తొడుగు కరుగుతుంది, అదీ పెట్రోలు ట్యాంకు కింద. అక్కడ రాసి ఉన్న ప్రకారం 10 ఆంపియర్ల ఫ్యూజు కొనుక్కురమ్మని అబ్బాయిని పంపాను.

చట్రం మీది తుప్పును ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దాం. కొత్త బోల్టు బిగించి పైన వాజలిన్ రాశాం. అబ్బాయి వెనక నిలబడ్డాడు, నేను బ్రేకు నొక్కాను. "మస్తు వెలుగుతుంది సార్!" అని అరిచాడు. ఇండికేటర్లు ఊరుకున్నాయి. మీటరు చూస్తే 0.1 వోల్టు.

ఆ పాత బోల్టు మా ప్రయోగశాలలో దాచాను. దాని తుప్పు నిరోధం ఎంతో కొలిచే పని ఈ ఏడాది పదో తరగతి వాళ్లది.