తోడేలు కడుపులో బాతు పాట

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మనకు అంతుపట్టదని వెనకాడే అమ్మలు సెర్గీ ప్రొకోఫియెవ్‌తో మొదలుపెట్టొచ్చు. ఈ ఆధునిక రష్యన్ స్వరకర్తకు తొలి పియానో గురువు వాళ్లమ్మే.

ముందుగా ‘పీటర్ అండ్ ది వుల్ఫ్’ పిల్లలతో కలిసి వినండి. అరగంట లోపే అయిపోతుంది. ఒకరు కథ చెబుతుంటే, ఒక్కో పాత్రకీ ఒక్కో వాద్యం పలుకుతుంది. పిట్టకి ఫ్లూట్, బాతుకి ఓబో, పిల్లికి క్లారినెట్, తాతయ్యకి బసూన్, తోడేలుకి మూడు ఫ్రెంచ్ హార్న్‌లు. ఒకసారి వింటే చాలు, పిల్లలు వాద్యాలను ఇట్టే గుర్తుపడతారు.

తర్వాత ‘రోమియో అండ్ జూలియట్’ బాలేలోని ‘డాన్స్ ఆఫ్ ది నైట్స్’ వినండి. బరువైన అడుగుల్లాంటి ఆ బాణీ మీరు ఎక్కడో విన్నదే అనిపించవచ్చు. ఈ సంగీతానికి నాట్యం చేయలేమని మొదట్లో డాన్సర్లే గొణిగారట!

1918లో దేశం విడిచి అమెరికా, పారిస్‌లలో గడిపిన ప్రొకోఫియెవ్, 1936లో భార్యాపిల్లలతో మాస్కోలో స్థిరపడ్డారు. అక్కడ పిల్లల థియేటర్ నడిపే నటాలియా సాట్స్ అడిగితే, ఆ ఏడాదే ‘పీటర్’ రాశారు. మరుసటి ఏడాది ఆమె అరెస్టయి లేబర్ క్యాంపు పాలయ్యారు. ఆయన నుంచి విడిపోయిన భార్య, గాయని లీనా 1948లో అరెస్టయి ఎనిమిదేళ్లు బందీగా గడిపారు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు.

కథలో తోడేలు బాతుని అమాంతం మింగేస్తుంది. చివర్లో చెవి పెట్టి వినండి. దాని కడుపులోంచి ఓబో ఇంకా పలుకుతూనే ఉంటుంది.