రక్షణ అంటే ఎవరి పని?

నిజామాబాదులో 1937లో ఆరవ ఆంధ్ర మహాసభతోపాటు మహిళాసభ కూడా జరిగింది. అంటే 1946-51 సాయుధ పోరాటానికి ముందే తెలంగాణా స్త్రీ వేదిక ఎక్కింది. పోరాటకాలంలో దళాలకు అన్నం పెట్టింది, కబుర్లు మోసింది, పోలీసులకు చిక్కకుండా మనుషుల్ని దాచింది. గ్రామరక్షణ ఆ శ్రమమీదే నిలిచింది. విరమణ తర్వాత ఆమెను ఇంటికి పొమ్మన్నారు; చరిత్ర ఆమెను 'సహాయకురాలి'గానే రాసుకుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ స్త్రీల చేతనే ఈ సంగతులు చెప్పించింది. శాంతి నిర్ణయాల్లో స్త్రీకి చోటుండాలని భద్రతామండలి 1325వ తీర్మానం చెప్పింది 2000లో! నిజామాబాదు బీడీ కార్మికురాలికి, 2015లో చక్కెర మిల్లు మూతపడిన బోధన్‌లోని కూలితల్లికి కూలీ, తిండీ కూడా భద్రతే. సంఘర్షణను చిత్రించే రచయిత ముందుగా అడగవలసిన ప్రశ్న: ఆ రాత్రి అన్నం ఎవరు వండారు? మర్నాడు ఊరిని ఎవరు నిలబెట్టారు?