పాట అన్నమయ్యది... బాణీ ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ కాలనీకి వెళ్ళినా సాయంత్రం వేళ అన్నమయ్య పాట వినిపిస్తుంది. వందేళ్ళ కిందట అయితే ఆ పాటల్లో చాలావాటిని పాడేవాళ్ళే లేరు. పాటలు దొరికాక కూడా వాటిని ఎలా పాడాలో చెప్పేవాళ్ళు దొరకలేదు. మరి మన పిల్లలు పాడుతున్నదేమిటి?

దిల్‌సుఖ్‌నగర్ అనగానే ఎవరికైనా కోచింగ్ సెంటర్లే గుర్తొస్తాయి. మెయిన్ రోడ్డు మీద తలెత్తి చూస్తే ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. 2018లో మెట్రో వచ్చాక వాటి పక్కనే రైలు కూడా పరుగెడుతోంది. ఆ హడావుడి దాటి చైతన్యపురి, కొత్తపేట, కర్మన్‌ఘాట్ సందుల్లోకి మళ్ళండి. ఏదో ఒక అపార్టుమెంటు గేటుకి 'కర్ణాటక సంగీతం నేర్పబడును' అన్న బోర్డు వేలాడుతూ ఉంటుంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు అన్నీ పద్ధతిగానే సాగుతుంటాయిగానీ అమ్మానాన్నల ఎదురుచూపంతా పాట కోసమే. ఆ తొలిపాట చాలా ఇళ్ళలో అన్నమయ్యదే. దసరా పందిట్లో, గుడి వార్షికోత్సవంలో, పుట్టినరోజున వీడియో తీసేటప్పుడు... పాడమంటే పిల్లలు అందుకునేది 'ముద్దుగారే యశోద'నో మరొకటో.

ఇంతగా ఇంటిపాట అయిపోయింది కాబట్టి, ఇది తాతముత్తాతల నుంచి నోటినోటా వచ్చిందే అనుకుంటాం. నిజానికి మధ్యలో కొన్ని వందల ఏళ్ళ ఖాళీ ఉంది!

అరలో ఉండిపోయిన పాట

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503 దాకా జీవించాడు. ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడని ఆయన మనవడు చిన్నన్న రాశాడు. కొడుకు పెద తిరుమలాచార్యుల చొరవతో ఆ పాటలు రాగిరేకుల మీదికెక్కాయి. తిరుమల ఆలయంలో వాటికో ప్రత్యేకమైన గది కూడా ఉండేది. అదే సంకీర్తన భాండాగారం. విజయనగర వైభవం పోయాక ఆ పాటలను పట్టించుకునే ఏలికలు తగ్గారు. రేకులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఈ కథలో చిత్రమైన మలుపొకటి ఉంది. తెలుగు వ్యాకరణం రాస్తున్న ఎ.డి.కాంబెల్ అనే ఇంగ్లిషు అధికారి తిరుపతిలో రాగిరేకులున్నాయని విన్నాడు. ఒక మనిషిని పంపి వాటిని పరిశీలింపజేశాడు. తీరా చూస్తే ఒక్క వ్యాకరణ గ్రంథం తప్ప మిగతావన్నీ దేవుడి మీద పాటలు! 1816లో అచ్చయిన తన పుస్తకంలో ఆ సంగతి రాసి ఊరుకున్నాడు. చేతికందిన నిధిని 'ఇది నాకు కావలసింది కాదు' అని పక్కన పెట్టేశాడన్నమాట. పాపం, ఆయన్ననీ ఏం లాభం, అప్పటికి మనవాళ్ళు మాత్రం అడిగారా?

మరో నూరేళ్ళకి, 1922లో, అవి సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కంటబడ్డాయి. రెండు వేలకు పైగా రేకులు. ఆ తర్వాత పండితులు వరసగా వచ్చి కూర్చున్నారు. పండిత విజయరాఘవాచార్యులు, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, ఉదయగిరి శ్రీనివాసాచార్యులు, గౌరిపెద్ది రామసుబ్బశర్మ... రేకు చదవడం, అక్షరం తేల్చడం, పదం విడదీయడం, పాఠం సరిచూడడం. చిన్నన్న రాసిన అన్నమయ్య జీవితచరిత్రను 1949లో ప్రభాకరశాస్త్రి పెద్ద పీఠికతో అచ్చువేయించాడు. మనకు అన్నమయ్య అనే మనిషి తెలిసింది ఎక్కువగా ఆ పుస్తకంతోనే.

రాగం పేరుంది... స్వరం లేదు

పన్నెండు వేలకు పైగా పాటలు దొరికాయి. పాడబోతే అసలు చిక్కు అప్పుడొచ్చింది. రేకు మీద పాట పైన రాగం పేరుంది. అంతే! స్వరం లేదు. తాళం పేరు కూడా దాదాపు కనబడదు. గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి రావలసిన బాణీ ఎప్పుడో తెగిపోయింది. రాగాల్లో కొన్ని మనకు తెలిసినవే. కొండమలహరి, అబాలి, అమరసింధు లాంటివి మాత్రం ఇప్పటి కచేరీల్లో వినబడవు.

పోనీ, తెలిసిన పేరున్న రాగమైనా అప్పటిలాగే ఉందా అంటే అదీ లేదు. ముఖారినే తీసుకోండి. అన్నమయ్య పోయిన యాభై ఏళ్ళ లోపే, 1550లో, రామామాత్యుడు 'స్వరమేళకళానిధి' రాశాడు. అందులో ముఖారి అంటే అన్నీ శుద్ధ స్వరాలే. ఇప్పటి లెక్కలో అది కనకాంగి. నేడు మనం వింటే కన్నీళ్ళు పెట్టించే ముఖారి వేరు. పేరు అదే, లోపలి మనిషి మారిపోయాడు!

అంటే నేడు మనం వింటున్న అన్నమయ్య బాణీలు ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ తర్వాతా పుట్టినవే. మాట తాళ్ళపాకది. పాట మాత్రం మొన్నమొన్నటి వాళ్ళది. ఇది తక్కువ చేసి అంటున్నమాట కాదు. వాళ్ళే లేకపోతే ఆ రేకులు మ్యూజియంలో అద్దాల వెనక మెరుస్తూ ఉండేవి.

ఆ వాళ్ళలో ముందు చెప్పుకోవలసింది రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పాఠం చెప్పి, ఆ తర్వాత తిరుపతి చేరిన పండితుడు. సాహిత్యమూ సంగీతమూ రెండూ చేతిలో ఉన్నవాడు. వందకు పైగా సంకీర్తనలకు స్వరం కట్టి ప్రచురించాడు. 'బ్రహ్మ కడిగిన పాదము' ముఖారి బాణీ ఆయనదే. విజయవాడ రేడియోలో మల్లిక్, బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటివాళ్ళు మరికొన్ని పాటలకు ప్రాణం పోశారు. పొద్దున్నే 'భక్తిరంజని' వింటూ కాఫీ తాగిన తరానికి ఆ రుచి తెలుసు.

ఇక నేదునూరి కృష్ణమూర్తి. 'నానాటి బదుకు' పాటని రేవతి రాగంలో కట్టింది ఆయనే. రేవతి పేరు రాగిరేకుల మీద ఎక్కడా లేదు. అయినా ఆ పాటని మరో రాగంలో ఊహించుకోండి చూద్దాం! పెద్దవాళ్ళు మౌనంగా కళ్ళు మూసుకునేది అన్నమయ్య మాటకా, రేవతికా అంటే విడదీసి చెప్పలేం. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పాడిన 'బాలాజీ పంచరత్నమాల'తో ఇలాంటి బాణీలు ఇంటింటికీ చేరాయి. దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టడం, అందులో చేరిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ ఆరువందలకు పైగా పాటలకు స్వరం కట్టడం... అదంతా మరో పెద్ద అధ్యాయం. ఆయన 2025 మార్చి 9న తిరుపతిలో కన్నుమూశారు. 'వినరో భాగ్యము' పాడే పిల్లల్లో ఎందరికి ఆ బాణీ ఆయనదని తెలుసో!

బాణీ కట్టడమంటే రాగం అతికించడం కాదు. అన్నమయ్య చరణం పొడుగ్గా సాగుతుంది. పాత తెలుగు మాటలు, మాండలికం, యతిప్రాసలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. తాళం దెబ్బ తప్పుచోట పడితే మాట విరిగి అర్థం మారిపోతుంది. అందుకే ముందు పాట అర్థం కావాలి, తర్వాతే స్వరం. ఈ పని చేసినవాళ్ళంతా వాగ్గేయకారులతో సగం భాగస్వాములే అని నా అభిప్రాయం.

లక్షన్నర గొంతులు... ఏడు పాటలు

1997లో 'అన్నమయ్య' సినిమా వచ్చింది. కీరవాణికి జాతీయ అవార్డు తెచ్చింది. సంగీతం క్లాసులకు పిల్లల్నీ తెచ్చింది. 2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో సిలికానాంధ్ర వాళ్ళ లక్షగళార్చనలో లక్షా అరవై వేల మంది గొంతు కలిపారు. గిన్నిస్ రికార్డు. పాడినవి మాత్రం ఏడు సంకీర్తనలు.

ఆ లెక్క నన్ను వదలదు. పన్నెండు వేల పాటలున్న ఇంట్లో మనం ముందు గదిలోనే కూర్చున్నాం. లోపలి గదుల్లో ఎక్కువభాగం శృంగార సంకీర్తనలే. పాడే పాటల్లో వాటి వాటా చాలా తక్కువ. తాళ్ళపాక వారి తర్వాతి తరాల సంగతి మరీ దయనీయం. పెద తిరుమలాచార్యులూ, సంకీర్తనకు తెలుగులో లక్షణ గ్రంథం రాసిన ఆయన కొడుకు చిన తిరుమలాచార్యులూ స్వయంగా పాటలు చెప్పినవాళ్ళే. వాళ్ళ ముద్ర కూడా వేంకటేశుడే. దాంతో వినేవాళ్ళకి అన్నీ అన్నమయ్య పద్దులోకే వెళ్ళిపోతుంటాయి.

దేవస్థానం అచ్చువేసిన సంకీర్తన సంపుటాలు ఇరవై తొమ్మిది ఉన్నాయి. ఒక్కో పాట మీదా రేకు సంఖ్య, రాగం పేరు కనిపిస్తాయి. చైతన్యపురిలోనో కొత్తపేటలోనో పిల్లల సంగీతం నోటుబుక్కు తెరిస్తే అక్కడా పై వరస నిండుగానే ఉంటుంది. రాగం, తాళం, రచన... రచన ఎదురుగా అన్నమాచార్య. స్వరకల్పన అన్న గడి ఎవరూ గీయరు.