రొయ్యల చెరువులకు ప్రత్యామ్నాయ విద్యుత్తు: డీజిల్ జనరేటర్ ఎంపిక, అమరిక, నిర్వహణ

మన దేశంలో 2009లో వనామి రొయ్య సాగుకు అనుమతి లభించిన తరువాత కోస్తా ఆంధ్ర జిల్లాలలో చెరువుకు వేసే పిల్లల సాంద్రత పెరిగింది. దానితో పాటే ఏరేటర్లపై ఆధారపడటమూ పెరిగింది. పగటివేళ వృక్షప్లవకాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా నీటికి ప్రాణవాయువును అందిస్తాయి. సూర్యాస్తమయంతో ఆ క్రియ ఆగిపోతుంది. రొయ్యలు, ప్లవకాలు, అడుగుమట్టిలోని సూక్ష్మజీవులు మాత్రం రాత్రంతా శ్వాసిస్తూనే ఉంటాయి. అందువల్ల కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠస్థాయికి చేరుతుంది. ఇది లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండటం వాంఛనీయం. పంట చివరి దశలో ఉన్న చెరువుకు ఆ వేళలో విద్యుత్తు ఆగిపోతే నెలల శ్రమ కొద్ది గంటలలోనే నష్టమయ్యే ప్రమాదం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానులు ఉత్తరాంధ్రలో విద్యుత్ వ్యవస్థను నేలకూల్చిన తీరు, అంతరాయం రోజుల తరబడి కొనసాగగలదని కూడా చూపింది.

కనుక జనరేటర్ ఉండటమే చాలదు. అవసరమైన క్షణాన అది పూర్తి భారాన్ని మోయగలగాలి.

సామర్థ్య నిర్ణయం

ఎంపికలో జరిగే ప్రధానమైన పొరపాటు హెచ్.పి., కిలోవాట్, కె.వి.ఎ. ప్రమాణాల మధ్య భేదాన్ని గుర్తించకపోవడం. ఉదాహరణకు, ఒక రైతుకు 2 హెచ్.పి. త్రీఫేజ్ ఏరేటర్లు ఎనిమిది ఉన్నాయనుకొందాం. మొత్తం 16 హెచ్.పి., అనగా సుమారు 12 కిలోవాట్లు. 0.8 పవర్ ఫ్యాక్టరు వద్ద 15 కె.వి.ఎ. జనరేటర్ సరిగ్గా 12 కిలోవాట్లు ఇస్తుంది కాబట్టి అది సరిపోతుందని అనిపిస్తుంది. అయితే ఆ 12 కిలోవాట్లు మోటారు ఇరుసు వద్ద లభించే శక్తి మాత్రమే. మోటారు దక్షత 80 శాతం అనుకొంటే అది గ్రహించే విద్యుత్తు సుమారు 15 కిలోవాట్లు. మోటారు పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే దాదాపు 18.6 కె.వి.ఎ. చెరువుగట్టు షెడ్డులోని దీపాలు, ఫ్యాన్లకు మరో కిలోవాట్ కలిపితే 20 కె.వి.ఎ.కు చేరుతుంది. ఈ భారానికి 25 కె.వి.ఎ. యంత్రం తగినది. అది 80 శాతం భారంతో నడుస్తుంది.

రెండవ అంశం మోటారు ప్రారంభ విద్యుత్ ప్రవాహం. నేరుగా ప్రారంభించిన మోటారు తొలి క్షణాలలో సాధారణ ప్రవాహానికి ఆరు రెట్ల వరకు తీసుకొంటుంది. ఎనిమిదింటినీ ఒకేసారి ప్రారంభిస్తే 110 కె.వి.ఎ.కు మించిన భారం పడుతుంది. ఏ మోటారూ సరిగా తిరగదు. ఒకదాని తరువాత ఒకటి, కొన్ని సెకన్ల విరామంతో ప్రారంభిస్తే చివరి ఏరేటర్ వేసినప్పుడు కూడా క్షణకాలపు భారం 32 కె.వి.ఎ. పరిసరాలలోనే ఉంటుంది. కొద్దిపాటి వోల్టేజి పతనంతో 25 కె.వి.ఎ. యంత్రం దీనిని తట్టుకోగలదు. ఈ క్రమాన్ని కాలిక రిలేలతో స్వయంచాలకం చేయవచ్చు.

అమరిక

జనరేటర్‌ను, గ్రిడ్ సరఫరాను వేరుచేసే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. త్రీఫేజ్ సరఫరాకు న్యూట్రల్‌ను కూడా మార్చే నాలుగు పోల్ స్విచ్ వాడాలి. స్విచ్ లేకుండా జనరేటర్ తీగను నేరుగా బోర్డుకు కలిపితే, ఆ 415 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనుకకు ప్రవహించి లైనుపై 11,000 వోల్టులుగా మారతాయి. సరఫరా లేదన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి అది ముప్పు. ఈ ఒక్క అంశంలో ఎట్టి మినహాయింపూ ఉండరాదు.

ఫేజుల క్రమం గ్రిడ్ క్రమంతో సరిపోవాలి; లేనిచో ఏరేటర్ చక్రాలు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. జనరేటర్ చట్రానికి రెండు వేర్వేరు ఎర్తింగ్‌లు, న్యూట్రల్‌కు ప్రత్యేక ఎర్తింగ్ ఉండాలి. వేసవిలో ఎర్తింగ్ గుంతలు ఎండిపోకుండా నీరు పోయాలి.

యంత్రాన్ని గతంలో వరదనీరు చేరిన మట్టానికి పైన, కాంక్రీటు దిమ్మెపై నిలపాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవారు దాని ప్రభావాన్ని గుర్తించలేరు. అందుచేత కాపలాదారు కుటుంబం నిద్రించే షెడ్డులో గాని, దాని గోడకు ఆనించి గాని జనరేటర్‌ను ఉంచరాదు. కనీసం 6 మీటర్ల దూరం పాటించి, పొగగొట్టాన్ని తలుపులు, కిటికీలు లేని దిశకు మళ్ళించాలి. వర్షం వస్తున్నదని లోపలికి జరపడం ప్రమాదకరం. పైకప్పు వేసి నాలుగు వైపులా గాలి ఆడేటట్లు చూడాలి.

నిర్వహణ

అత్యవసర సమయంలో ఇంజన్ స్టార్ట్ కాకపోవడానికి తరచుగా కనిపించే కారణం బ్యాటరీ. పూర్తి చార్జి గల 12 వోల్టుల బ్యాటరీ విరామంలో సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఉప్పుగాలి వల్ల టెర్మినళ్ళు త్వరగా తుప్పుపడతాయి కాబట్టి వాటిని శుభ్రపరచి గ్రీజు పూయాలి. వారానికొకసారి ఇంజన్ ఆయిల్, కూలెంట్ మట్టాలు, బెల్టు బిగువు పరిశీలించాలి. ఎలుకలు తీగలను కొరికాయేమో చూడాలి.

నెలకొకసారి యంత్రాన్ని ఏరేటర్ల భారంతో అరగంట నడపాలి. భారం లేకుండా తరచుగా నడిపితే ఇంధనం పూర్తిగా మండక పొగగొట్టంలో మసి, నూనె జిగురు పేరుకొంటాయి. భారం 30 శాతానికి తగ్గకుండా చూడటం మేలు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లను తయారీదారు సూచించిన గంటలకు మార్చాలి. అనేక డీజిల్ యంత్రాలకు ఇది 250 గంటలు. గంటలు నిండకపోయినా ఏడాదికొకసారి మార్చాలి.

పై ఉదాహరణలోని యంత్రానికి గంటకు సుమారు 5 లీటర్ల డీజిల్ అవసరం. తుఫాను వేళ రాత్రికి 10 గంటల చొప్పున మూడు రాత్రులకు 150 లీటర్లు కావాలి. నిల్వ డీజిల్‌లో తేమ చేరి సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి. కనుక పాత డీజిల్‌ను ముందుగా వాడుతూ నిల్వను మార్చుతుండాలి. వేడిగా ఉన్న ఇంజన్‌లో ఇంధనం పోయరాదు.

విస్తరణ సిబ్బందికి సూచన

విద్యుత్తు పోయిన సంగతి నిద్రలో ఉన్న రైతుకు తెలియదు. తిరిగి సరఫరా వచ్చినా స్టార్టర్లు వాటంతట అవే పట్టుకోవు. బ్యాటరీతో మోగే సైరన్‌ను తక్కువ వ్యయంతోనే అమర్చవచ్చు. క్షేత్ర సందర్శనలో జనరేటర్ ఉన్నదా అని అడగడంతో ఆగిపోక, రైతు సమ్మతితో మెయిన్ స్విచ్ ఆపించి, చివరి ఏరేటర్ తిరగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారంతో కొలవాలి. బ్యాటరీ బలహీనత, డీజిల్ కొరత, ప్రారంభ క్రమం తెలియకపోవడం వంటి లోపాలు ఆ కొద్ది నిమిషాలలోనే బయటపడతాయి. ఈ పరీక్షను అక్టోబరు, నవంబరు తుఫానులకు ముందే, సెప్టెంబరులో, పగటివేళ నిర్వహించడం శ్రేయస్కరం.