కోచింగ్ సెంటరుకు బిల్డింగు గాదు, ఇరవై మంది పిల్లోళ్లు కావల్ల

మన గోరంట్ల పక్క డిగ్రీ, బీఈడీ చేసి డీఎస్సీ కోసం ఎదురు చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు చానా మంది ఉండారు. ‘సొంతంగా కోచింగ్ సెంటరు పెడితే ఎట్లుంటాది?’ అని అడుగుతాంటారు. మంచి ఆలోచనే. కానీ బోరు ఏసినట్ల పెట్టొద్దండి. అప్పు తెచ్చి వెయ్యి అడుగులు దింపినాక దుమ్ము లేస్తే ఏమైతాదో మన కరువు సీమలో ఎవురికీ చెప్పే పనిలేదు.

ముందు లెక్క చూద్దాం. బిల్డింగు, బెంచీలు, ఫ్లెక్సీలకని నూటికి 2 రూపాయల వడ్డీతో 5 లక్షలు తెచ్చినారనుకోండి. నెలకు వడ్డీయే 10 వేలు. నెలకు 500 ఫీజంటే, ఇరవై మంది కట్టే దుడ్లు వడ్డీకే సరి. బాడుగ, కరెంటు, మీ కష్టం యాడికి పోవల్ల? అదే ఇంట్లోనే ఒక బోర్డు తగిలించి ఆ ఇరవై మందికే చెప్తే ఆ 10 వేలు మీ చేతిలో ఉంటాయి.

రెండోది, అన్నీ చెప్తామనొద్దు. ఒక్క పరీక్ష పట్టుకోండి. హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్య సారు ఐఐటీ ఎంట్రన్సు ఒక్కటే పట్టుకున్నారు, ఆయన పేరే ‘ఐఐటీ రామయ్య’ అయిపోయింది. మనకు లేపాక్షిలో నవోదయ ఉంది. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. సగం ప్రశ్నలు మెంటల్ ఎబిలిటీ, మిగతావి లెక్కలు, భాష. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లోళ్లకే.

మూడోది చట్టం. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. వాటి ప్రకారం 50 మంది దాటితేనే కోచింగ్ సెంటరు కింద లెక్క. అట్లాంటి చోట 16 ఏండ్ల లోపు పిల్లోళ్లను చేర్చుకోగూడదు. చెప్పేటోళ్లు డిగ్రీ చదివుండల్ల. ర్యాంకు గ్యారంటీ అనగూడదు. మధ్యలో మానేసినోళ్లకు మిగిలిన ఫీజు 10 రోజుల్లో ఎనక్కియ్యల్ల. నవోదయ పిల్లోళ్లు పదేండ్లోళ్లు గదా, అందుకే చిన్న ట్యూషనుగానే ఉంచుకోండి. మన రాష్ట్రంలో 1982 విద్యా చట్టం కూడా ఉంది. రిజిస్ట్రేషను కావల్నా వద్దా అని మండల విద్యాధికారి ఆఫీసులో ముందే అడగండి. బడిలో పని చేసే టీచర్లయితే ఈ పని పెట్టుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పగూడదంటాది.

చివరగా ఒక మాట. నవోదయలో ఏడాదికి సీట్లు 80కి మించవు. మీ దగ్గరికొచ్చే పిల్లోళ్లలో చానా మందికి రాదు. ఆ మాట ఫీజు తీసుకునే రోజే తల్లికి చెప్పండి. ఆమె ఇచ్చే 500 చెనిక్కాయ పీకిన కూలి. సీటు రాకున్నా ఆ బిడ్డకు భిన్నాలు, శాతాలు వచ్చినాయంటే ఆ కూలి వృథా కాదు. వచ్చే ఏడు తన చిన్నోన్ని గూడా మీ దగ్గరికే పంపుతాది. మీకు అంతకంటే పెద్ద ఫ్లెక్సీ ఇంకోటి లేదు.