ఎంజీబీ: అంబాసిడర్‌కు అన్నదమ్ముల వరస

మూడున్నర అంగుళాలు, అంటే 88.9 మిల్లీమీటర్లు. పాత పెట్రోలు అంబాసిడర్ ఇంజనులో పిస్టన్ పైనుంచి కిందికి తిరిగే దూరం అది. ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్లో తయారైన ఎంజీబీ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోనూ పిస్టన్ తిరిగేది సరిగ్గా అంతే దూరం. రెండూ ఒకే ఇంజను కుటుంబంలో పుట్టాయి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ 1950ల తొలినాళ్లలో తెచ్చిన ఆ కుటుంబం పేరు బి-సిరీస్. మన ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో చేసిన అంబాసిడర్‌కు బోరు 73 మిల్లీమీటర్లు, సామర్థ్యం 1489 సీసీ. ఎంజీబీకి బోరును 80.26 మిల్లీమీటర్లకు పెంచారు, 1798 సీసీ అయింది. స్ట్రోకు జోలికి పోలేదు. అదే పోత ఇనుప బ్లాకు, పక్కన కామ్‌షాఫ్ట్, దాని మీద నుంచి లేచే పుష్‌రాడ్లు, పైన రాకర్లు. పాతికేళ్లు అంబాసిడర్ టాపెట్లు సరిచేసిన మెకానిక్కుకు ఎంజీబీ బానెట్ ఎత్తి చూపిస్తే కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ. పానాలు కూడా అవే అంగుళాల సైజువి.

చేతిలో పెద్దగా డబ్బు లేకుండా పాత స్పోర్ట్స్ కారును మళ్లీ రోడ్డెక్కించాలని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే పేరు ఇదే. దీనికన్నా వేగమైనవి, అందమైనవి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కో విడిభాగం కోసం ఏళ్ల తరబడి వెతకాలి, దొరికినా ఆస్తి అమ్ముకునే ధర పలుకుతుంది. ఎంజీబీకి ఆ కష్టం లేదు. దాన్ని గీసినవాళ్లు మామూలు సంసారుల కార్ల సామానుతోనే గీశారు. ఆరు దశాబ్దాల తర్వాత కూడా సామాన్యుడి చేతికి అందుతోందంటే ఆ మామూలుతనమే కారణం.

ఆ పద్ధతి కంపెనీతో పాటే పుట్టింది. 1920లలో ఆక్స్‌ఫర్డులోని మోరిస్ గ్యారేజెస్ మేనేజరు సెసిల్ కింబర్, మామూలు మోరిస్ కార్లకు తేలికపాటి అందమైన బాడీలు కట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. ఎంజీ అన్న రెండక్షరాలు ఆ గ్యారేజీవే. 1962లో ఎంజీబీ వచ్చేనాటికి చీఫ్ ఇంజనీరు సిడ్ ఎనెవర్, బాడీ రూపకర్త డాన్ హేటర్. వాళ్లు కూడా కొత్తగా చేయించినవి తక్కువ. ముందు చక్రాల సస్పెన్షన్ సంగతే చూడండి. తర్వాత మినీ కారుతో జగమెరిగినవాడైన అలెక్ ఇసిగోనిస్ చేతుల మీదుగా రూపుదిద్దుకుని, 1947లో ఎంజీ వై-టైప్ అనే చిన్న కుటుంబ కారులో వచ్చిన అమరికనే కొద్ది మార్పులతో తెచ్చి పెట్టారు. 1980లో చివరి ఎంజీబీ బయటికి వచ్చేదాకా అదే నడిచింది. వెనక కమాన్ కట్టలు. పన్ను కలపకముందు ధర 690 పౌండ్లు. గంటకు 100 మైళ్లు దాటేది. పద్దెనిమిదేళ్లలో 5 లక్షలకు పైగా తయారయ్యాయి, అత్యధిక భాగం అమెరికా వెళ్లాయి.

ఒక్కచోట మాత్రం వాళ్లు పాత దారి వదిలారు. అంతకుముందు మోడల్ ఎంజీఏకి విడిగా ఛాసిస్ ఉండేది, దాని మీద బాడీ కూర్చునేది. ఎంజీబీకి ఛాసిస్ లేదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. బండి కొంచెం పొట్టిదైనా లోపల చోటు పెరిగింది, సీట్ల వెనక సామాను పెట్టుకునే జాగా వచ్చింది. ఈ కారును బతికించాలన్నా, దాన్ని నమ్ముకుని మోసపోవాలన్నా మూలం ఈ నిర్ణయంలోనే ఉంది.

పైకప్పు లేని కారు మధ్యలో కుంగకుండా ఆపేవి ముఖ్యంగా రెండు పక్కల తలుపుల కింద పొడవునా సాగే పెట్టెలు. వాటిని సిల్ అంటారు. చూడటానికి ఒక రేకులా కనిపించినా లోపల మూడు పొరలుంటాయి: బయటి రేకు, నడుమ నిలువుగా ఒక పలక, లోపలి గోడ. అడుగున మడతలు పెట్టిన మరో పట్టీ వీటన్నిటినీ కలుపుతుంది. నాలుగు పక్కలా మూసుకున్న పెట్టె మెలితిప్పుకు లొంగదు. ఒక్క అంచు తుప్పు పట్టి విడిపోయిందంటే ఆ బలం అనేక రెట్లు పడిపోతుంది. పెట్టె బయటికి పెట్టెలాగే ఉంటుంది, మోసే శక్తి మాత్రం ఉండదు.

తుప్పు మొదలయ్యే చోటు కూడా దాదాపు అన్ని బళ్లలో ఒకటే. ముందు చక్రం ఎగజిమ్మిన బురద మడ్‌గార్డు వెనక మూలలో పేరుకుంటుంది. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బురద తడి ఆరకుండా నెలల తరబడి అక్కడే ఉంటుంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కనుక ఇనుము ఆక్సిజన్‌తో కలిసే చర్య అక్కడ జోరందుకుంటుంది. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అతుకుల మధ్య ఉబ్బి రేకులను విడదీస్తుంది, ఆ సందులోకి మళ్లీ నీళ్లు దిగుతాయి.

దీన్ని సరిగా బాగుచేయడం ఓపిక గల పని. ముందు మడ్‌గార్డు బోల్టులు విప్పి పక్కన పెట్టాలి, సిల్ దాని కిందికి కూడా పోతుంది. వెనక భాగం వెల్డింగ్‌తో అతికి ఉంటుంది కాబట్టి అక్కడ అడుగున కొన్ని అంగుళాలు కోయక తప్పదు. పెట్రోలు ట్యాంకు ముందే దించేయాలి, వెల్డింగ్ నిప్పురవ్వలకు అది దూరంగా ఉండాల్సిందే. కోతకు ముందు చేయాల్సిన అసలు పని మరొకటుంది. తలుపు చట్రానికి అడ్డంగా, ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఒక ఇనుప గొట్టాన్ని తాత్కాలికంగా వెల్డింగ్ చేయాలి. ఇది లేకుండా సిల్ కోస్తే బండి మధ్యలో కుంగుతుంది. కుంగిన స్థితిలో కొత్త రేకు అతికితే ఆ వంకర శాశ్వతమైపోతుంది, ఇక తలుపు ఏనాటికీ సరిగా పడదు. అందుకే ఒక పక్క పూర్తిగా ముగించాకే రెండో పక్క ముట్టుకోవాలి. ప్రతి దశలో తలుపు బిగించి చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకోవాలి.

ఇంత పనికి రేకుల ఖర్చు తక్కువే. ఖరీదైనది టింకరింగ్ చేసేవాడి సమయం. గంటల లెక్కన కూలి కట్టే దేశంలో సిల్ పని బయట ఇస్తే కారు కొన్న ధర దాటిపోవచ్చు. అందుకే తక్కువ బడ్జెట్లో ఈ కారు పట్టాలనుకున్నవాళ్లు మొదట ఒక చిన్న మిగ్ వెల్డింగ్ మిషను కొని, పనికిరాని రేకు ముక్కల మీద చేయి తిప్పుకుని, తర్వాతే బండి మీదికి వెళ్లడం మంచిది.

కొందరు అమ్మకందారులు ఎంచుకునే దగ్గరి దారి ఇంకొకటుంది. తుప్పు పట్టిన సిల్ మీదే పల్చటి కొత్త రేకు తొడిగి, పుట్టీ పెట్టి, రంగు వేస్తారు. బయటికి నిగనిగలాడుతుంది. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది, ఇప్పుడు మరింత చీకట్లో, మరింత తడిలో. ఇది ప్రాణాల మీదికి తెచ్చే మోసం. పక్కనుంచి మరో బండి గుద్దితే లోపలివాళ్లకు అడ్డుండేది ఆ పెట్టే.

బాడీ గట్టిపడ్డాక మిగతాదంతా సులువు, పైగా ఆనందం. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కార్బురేటర్ల పని. ఎంజీబీకి రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. అంబాసిడర్ పెట్రోలు బండికీ ఎస్‌యూనే ఉండేది, కాకపోతే ఒకటి. దీన్ని కనిపెట్టిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ చెప్పుల వ్యాపారుల కుటుంబంలో పుట్టాడు. 1900ల తొలినాళ్లలో చేసిన మొదటి నమూనాల్లో గాలికి ఉబ్బి ముడుచుకునే తిత్తి తోలుదే. తర్వాత తోలు స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది, సూత్రం మారలేదు.

మామూలు కార్బురేటర్‌లో గాలి దూరే కంత సైజు స్థిరం. ఎస్‌యూలో అది ఇంజను అవసరాన్ని బట్టి పెరిగి తగ్గుతుంది. ఇంజను గాలి పీల్చేకొద్దీ పైనున్న గిన్నెలో ఒత్తిడి తగ్గి పిస్టన్ పైకి లేస్తుంది. దాని కింద వేలాడే సూది కొనదేలి ఉంటుంది. సూది పైకి లేచినకొద్దీ పెట్రోలు వచ్చే జెట్టులో సందు పెరుగుతుంది. గాలి ఎంతో పెట్రోలు అంత. ఆక్సిలరేటర్ ఒక్కసారి తొక్కితే ఏమవుతుంది? పిస్టన్ దిగ్గున లేచిపోతే మిశ్రమం పల్చబడి ఇంజను తడబడుతుంది. అలా కాకుండా పైన చిన్న గొట్టంలో కొంచెం ఆయిలు, అందులో ఒక డ్యాంపర్ పెట్టారు. పిస్టన్ క్షణం ఆలస్యంగా లేస్తుంది, ఆ క్షణంలో పెట్రోలు కొంత ఎక్కువగా వస్తుంది. ఆ ఆయిలు ఎండిపోతే బండి ఎత్తుకోవడంలో తేడా తెలుస్తుంది. బాగుచేయడానికి ఓ చెంచాడు ఆయిలు చాలు.

రెండింటినీ సమం చేయడానికి ఖరీదైన సాధనం అక్కర్లేదు. ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, మరో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి గాలి బుసను వినాలి. రెండిటా ఒకే స్థాయిలో వినిపించేదాకా స్క్రూలు తిప్పాలి. మిశ్రమం సంగతి తేల్చడానికి పక్కనే చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని ఒక మిల్లీమీటరు కూడా మించకుండా పైకి నొక్కితే పిస్టన్ ఇసుమంత లేస్తుంది. ఇంజను వేగం పెరిగి అలాగే నిలబడితే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కొంచెం పెరిగి మళ్లీ దిగితే సరిపోయినట్టు. కొలతల మిషను ఏదీ లేకుండా ఇంజనే తన సంగతి చెప్పే ఈ ఏర్పాటు నాకు ఇంజనీరింగ్ మర్యాదకు గొప్ప ఉదాహరణ.

ఇంజను గురించి ఒకటి రెండు మాటలు. ఇది కొట్టినా చావని రకం. 1964 చివరి నుంచి క్రాంక్‌ను మూడు బదులు ఐదు బేరింగుల మీద నిలిపారు, మరింత మెత్తగా తిరుగుతుంది. సీసం కలిపిన పెట్రోలు 2000లో బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ పోయింది. ఆ సీసం వాల్వు కూర్చునే చోట పల్చటి పొరగా ఏర్పడి పోత ఇనుమును కాపాడేది. అది లేక సీట్లు అరిగి టాపెట్ గ్యాపు తగ్గుతూ పోతుంది. హెడ్డు ఎలాగూ విప్పినప్పుడు గట్టి ఉక్కు సీట్లు దిగగొట్టిస్తే ఆ బాధ తీరుతుంది. ఇప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది, పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరచి చీలుస్తుంది. గొట్టాలన్నీ ఒకేసారి మార్చేయడం చవక. క్లచ్ మార్చాలంటే ఇంజను బయటికి లాగక తప్పదు, కాబట్టి ఇంజను దేనికి దించినా క్లచ్, దాని బేరింగు కూడా అప్పుడే వేసేయాలి.

కరెంటు పని చాలామందిని భయపెడుతుంది. లూకాస్ కంపెనీ వైర్లకు చెడ్డపేరు ఉంది. చాలావరకు తప్పు వైరుది కాదు, దశాబ్దాల చెమ్మకు నల్లబడిన కనెక్షన్లది, ఎర్తు పాయింట్లది. ఎమరీ కాగితంతో రుద్ది బిగిస్తే సగం రోగాలు పోతాయి.

1979లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూసేస్తామని ప్రకటించారు, 1980 అక్టోబరులో నిజంగానే మూశారు. మామూలుగా కారు కథ అక్కడితో సరి. విడిభాగాలు తగ్గుతాయి, బళ్లు ఒక్కొక్కటే తుక్కుకు పోతాయి. ఇక్కడ మాత్రం అలా జరగలేదు. బాడీ రేకులు ఒత్తిన అసలు అచ్చులు తుక్కైపోకుండా మిగిలాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ వాటిని కూడదీసి 1988లో ఫారింగ్డన్‌లో కొత్త ఎంజీబీ బాడీలు చేయడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ పోయిన ఎనిమిదేళ్లకు ఆ కారుకు కొత్త బాడీ దొరకడం మోటారు చరిత్రలో అరుదైన సంగతి. రోవర్ కంపెనీ ఆ బాడీలోనే వి8 ఇంజను పెట్టి 1990లలో ఎంజీ ఆర్‌వి8 అని సుమారు 2 వేల కార్లు చేసింది, ఎక్కువ భాగం జపాను కొనుక్కుంది. నేటికీ సిల్ రేకు నుంచి తలుపు హ్యాండిల్ దాకా కొత్తవి దొరుకుతున్నాయంటే ఆ అచ్చులు కాపాడినవాళ్ల పుణ్యమే.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు. 2018 నుంచి, పెద్ద మార్పులు చేయకపోతే, ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ కూడా తప్పనిసరి కాదు. ఎంజీబీలన్నీ ఇప్పుడు ఆ వయసు దాటాయి. డబ్బు మిగిలే మాట నిజమే గాని, తనిఖీ లేదంటే ఆ సిల్ కిందికి తొంగిచూసేవాడు ఎవరూ లేనట్టే. చట్టం అడగకపోయినా ఏడాదికోసారి బండిని లిఫ్టు మీదికి ఎక్కించి చూపించుకోవాలి.

కాబట్టి ఒకే ధరకు రెండు ఎంజీబీలు ఎదురైతే, ఒకటి ఎర్రగా మెరుస్తూ మొదటి సెల్ఫుకే స్టార్టయ్యేది, మరొకటి రంగు వెలిసి ఇంజను పట్టేసింది, తొందరపడి మొదటిదానికి అడ్వాన్సు ఇవ్వకండి. గుడ్డ చుట్టిన అయస్కాంతం ఒకటి, టార్చిలైటు ఒకటి తీసుకెళ్లండి. సిల్ పొడవునా అయస్కాంతం నడిపించండి. పట్టు జారిన చోట ఉన్నది పుట్టీ. తలుపు మూసి సందు చూడండి. పైన బిగిసి కింద వెడల్పుగా ఉంటే బండి నడుము కుంగింది. పడుకుని వెనక కమాన్ కట్టలు బాడీకి బిగించిన చోట్ల గట్టిగా వేలితో నొక్కండి, కార్పెట్ ఎత్తి అడుగు చూడండి. ఇవన్నీ రెండో బండిలో గట్టిగా ఉంటే అదే కొనండి. పట్టేసిన ఇంజనును లేత్ షాపులో రీబోరింగ్ చేయించుకోవచ్చు, లేదా నడుస్తున్న మరో ఇంజను తెచ్చి దించుకోవచ్చు. బ్రేకులు, గొట్టాలు, టైర్లు దాని తర్వాత. రంగు అన్నిటికన్నా ఆఖర్న, డబ్బు మిగిలితే.