చెరసాలలో మనస్సు, మాతృభాష

చెరసాలలో కూడును నీడయు కొఱవడకున్నను మాట కఱవైనచో మనస్సు క్రుంగును. మనిషిని దినముల తరబడి ఒంటరిగా నుంచినచో నిద్ర తొలగును. ఆందోళనయు నిరాశయు హెచ్చును. కొందఱికి లేని సవ్వడులు సైతము వినవచ్చును.

నెల్సన్ మండేలాగారి చరిత్ర ఇందులకు తగిన ఉదాహరణము. 1964లో దక్షిణాఫ్రికా ప్రభుత్వ మాయనను రాబెన్ ద్వీపమునకు పంపెను. తొలినాళ్ళలో ఆఱు నెలల కొక ఉత్తరము, అరగంట సేపు ఒక ములాఖతు మాత్రమే లభించెడివి. ఆ అరగంటయు ఆంగ్లమునగాని ఆఫ్రికాన్స్ భాషలోగాని మాటాడవలెను. ఆయన మాతృభాషయైన ఖోసా నిషిద్ధము. 1968లో తల్లియు, 1969లో పెద్దకుమారుడును మరణించినప్పుడు అంత్యక్రియలకైనను పోనీయలేదు. 1990లోగాని ఆయనకు విముక్తి కలుగలేదు.

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ‘మండేలా నియమములు’ పదునైదు దినములకు మించిన ఏకాంత నిర్బంధమును నిషేధించుచున్నవి. ఖైదీకి కుటుంబముతో ఉత్తర ప్రత్యుత్తరములు సాగవలెననియు, జైలు నిబంధనలను అతని కర్థమగు భాషలో తెలుపవలెననియు నిర్దేశించుచున్నవి. మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ప్రతి రాష్ట్రమునందును కనీస మొక కారాగార వైద్యవిభాగమున మానసిక చికిత్సాలయ ముండవలెను.

చట్టము వైద్యుని పంపగలదు. ఇంటి మాటను పంపవలసినది ఇంటివారే. పరభాషా ప్రాంతమున నున్న మనవారెవరైన నిర్బంధమున చిక్కినచో, సిగ్గుపడి దూరముగా నుండక తెలుగున నొక జాబు వ్రాయుడు. అధికారులు చదివి అందించుటకు జాగైనను మానవలదు. ఆ జాబును బిడ్డలచే వ్రాయించిన మఱియు మేలు.